బిళ్ళ బయట, మనిషి లోపల

నేను చదివింది ఏడో తరగతి దాకా. లెక్కలు నాకు బడిలో రాలేదు. నల్గొండ దగ్గర ఒక రైస్ మిల్లులో హమాలీలు లారీకి ఎన్ని బస్తాలు ఎక్కిస్తున్నారో గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూ నేర్చుకున్నాను. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డ గీత, అది ఐదు. పదేళ్ళు అలా గీశాక గీతలు లేకుండానే బస్తాలు కంటికి ఐదుల గుంపులుగా కనిపించడం మొదలైంది. మిల్లు మూతపడింది. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు జడ్చర్ల దగ్గర మాత్రల ముడిసరుకు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ నేను లెక్కపెట్టాల్సింది బస్తాలను కాదు, మనుషులను.

మా బ్లాకులో పెద్ద రియాక్టర్లు, తడి పొడిని గిర్రున తిప్పి పిండే యంత్రాలు, ఆరబెట్టే గదులు ఉండేవి. ఘాటైన ద్రవాలు డ్రమ్ముల్లో వచ్చేవి. వాటి పేర్లు ఇంగ్లీషులో ఉండేవి కాబట్టి మా వాళ్ళు రంగును బట్టి పిలిచేవాళ్ళు. తలనొప్పి తెచ్చేది నీలం డ్రమ్ము, కళ్ళు మండించేది ఎర్ర డ్రమ్ము. అంతకు మించి లోపల ఏముందో అడిగిన వాళ్ళు లేరు, చెప్పిన వాళ్ళూ లేరు.

బ్లాకు తలుపు పక్కన ఒక చెక్క బోర్డు ఉండేది. దానికి ఎడమ సగం మీద 'బయట', కుడి సగం మీద 'లోపల' అని రాసి, రెండు వైపులా మేకుల వరసలు కొట్టి ఉండేవి. ప్రతి కార్మికుడికీ నంబరు చెక్కిన ఒక ఇత్తడి బిళ్ళ. లోపలికి పోయేటప్పుడు తన బిళ్ళను బయట మేకు నుంచి తీసి లోపల మేకుకు తగిలించాలి. వచ్చేటప్పుడు మళ్ళీ ఇటు. ఏ క్షణంలో చూసినా లోపల ఎందరున్నారో ఆ బోర్డు చెప్పాలి. సైరన్ మోగితే నేను 'లోపల' వైపున్న బిళ్ళలన్నీ డబ్బాలో వేసుకుని, గేటు దగ్గర పచ్చ బోర్డు కింద అందరూ చేరే చోటికి పోయి, ఒక్కొక్క నంబరే పిలవాలి. ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. డబ్బాలో బిళ్ళ మిగిలితే మనిషి లోపల మిగిలాడన్నట్టు. ఆ బోర్డు, డబ్బా, ఒక రిజిస్టరు నా బాధ్యత. నాది పగటి డ్యూటీ, తొమ్మిది నుంచి ఐదున్నర.

పొద్దుటి షిఫ్టు ఆరింటికి మొదలై రెండింటికి దిగేది. ముప్పై ఆరు మంది. వాళ్ళలో ఐదుగురు దగ్గరి ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు, మిగతా ముప్పై ఒక్క మంది కంపెనీ బస్సుల్లో. బస్సులు రెండూ సరిగ్గా రెండుంబావుకు కదిలేవి. కొత్తకోట వైపు బస్సులో మా బ్లాకు వాళ్ళు తొమ్మిది మంది, వేరే బ్లాకుల వాళ్ళు చాలా మంది. గంట పైన ప్రయాణం. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసిన మనిషికి ఆ గంట కూర్చుని పోవడం అన్నిటికంటే ముఖ్యం. అందుకని ఆ తొమ్మిది మందీ ఒక ఏర్పాటు చేసుకున్నారు. వారానికొకరు చొప్పున ఒకడు పది నిమిషాలు ముందుగా బయటపడి, తొమ్మిది తువ్వాలలు పట్టుకుపోయి తొమ్మిది సీట్ల మీద వేసేవాడు. పోతూ పోతూ బోర్డు దగ్గర ఆగి, తొమ్మిది మంది బిళ్ళలూ ఒకేసారి లోపలి మేకుల నుంచి తీసి బయటి మేకులకు తగిలించేవాడు. మిగతా ఎనిమిది మందీ చేతులు కడుక్కుని, బోర్డు దగ్గర లైన్లో నిలబడకుండా, నేరుగా బస్సుకు పరుగెత్తేవాళ్ళు.

సీటు మీద తువ్వాల వేస్తే మనిషి వచ్చినట్టే. బిళ్ళ కూడా వాళ్ళకు అలాంటిదే అయిపోయింది.

నేను చూడలేదా అంటే, చూశాను. నేను చేరిన రెండో వారంలోనే చూశాను. మొదటిసారి అడిగాను కూడా.

"ఏందన్నా, ఎవని బిళ్ళ ఆడు మార్చాలె గద?"

"అరే, పది నిమిషాలల్ల అందరొస్తరు. నీ లెక్కకేం తక్కువైతది? జర సమజ్ చేస్కో" అన్నాడు ఆ వారం తువ్వాలల మనిషి.

రెండు గంటల పది నిమిషాలకు బోర్డు చూస్తే లెక్క నిజంగానే సరిపోయేది. అది రోజుకు ఇరవై నిమిషాల అబద్ధం. మిగతా సమయమంతా బోర్డు నిజమే చెబుతుంది కదా అనుకున్నాను. మళ్ళీ అడగలేదు.

అదే షిఫ్టులో ఒక పెద్దాయన ఉండేవాడు. డ్రమ్ములు దించే పని. మక్తల్ వైపు గొర్లు కాసుకునే ఇల్లు ఆయనది. వరసగా మూడేళ్ళు వానలు పడక, మంద అమ్ముకుని ఫ్యాక్టరీకి వచ్చాడు. అందరూ ఆయన్ని గొర్ల మామ అనేవాళ్ళు. నన్ను ఆయన లెక్కల అల్లుడు అనేవాడు. ఒకరోజు అన్నం తినేటప్పుడు అడిగాను.

"మామా, మీ మంద ఎంత ఉండె?"

"ఏమో."

"ఏమో అంటే? రెండొందలా, మూడొందలా?"

"మా నాయిన ఏలు పెట్టి లెక్కవెట్టనియ్యకపోతుండె. లెక్కవెడితే తగ్గుతయనేది."

"మరి పొద్దుమూకి మంద ఇంటికొచ్చేటాలకు ఒకటి తప్పిపోతే ఎట్ల తెలుస్తది?"

"తప్పిపోయింది కండ్లల్ల కనవడదాయె. గదే తెలుసుడు." నవ్వాడు. "నీకు బిళ్ళ మీది అంకె కావాలె. నాకు మొఖం కావాలె. అల్లుడా, నువ్వు గొర్లు కాస్తే నక్క వచ్చి ఒకటి తిని, ఒక నక్కపిల్లను ఇడిచిపెట్టి పోయినా లెక్క సరిపోయిందంటవ్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్విన వాళ్ళలో కొత్తకోట బస్సు మనిషి ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. తక్కువ మాట్లాడేవాడు. ఎక్కడికి పోయినా గుంపు వెనక పది అడుగులు ఎడంగా నడిచేవాడు. పిండే యంత్రం మీద పని. తన తర్వాత వచ్చే షిఫ్టు వాళ్ళకు ఇబ్బంది లేకుండా యంత్రంలోని గుడ్డ సంచిని కడిగి ఆరేసి కానీ వచ్చేవాడు కాదు. అది ఆయన పని కాదు. ఎవరూ చెప్పలేదు. ఆయన అలవాటు. అందుకే ఎప్పుడూ చివరి మనిషి ఆయనే.

ఆ రోజు ఒంటి గంటా యాభైకి ఆ వారం తువ్వాలల మనిషి వచ్చి తొమ్మిది బిళ్ళలు మార్చి పోయాడు. బోర్డు మీద లోపల ఇరవై ఏడు, బయట తొమ్మిది. ఒంటి గంటా యాభై మూడుకు సైరన్ మోగింది. ఎర్ర డ్రమ్ము ద్రవం పోయే పైపు అతుకు దగ్గర ఊడింది. తెల్లటి పొగ తలుపు పైభాగం నుంచి బయటికి వస్తోంది. మనుషులు ముక్కుకు చేతులు అడ్డం పెట్టుకుని దగ్గుతూ పరుగెత్తుకొస్తున్నారు.

నేను నేర్చుకున్నట్టే చేశాను. లోపలి మేకుల మీది బిళ్ళలు డబ్బాలో వేసుకుని పచ్చ బోర్డు కిందికి పోయాను. అప్పటికే రెండింటి షిఫ్టు వాళ్ళు కూడా వచ్చి అక్కడ కలిసిపోయారు. తలలు లెక్కపెట్టే వీలు లేదు. నంబర్లు పిలిచాను. ఇరవై ఏడు పిలిచాను, ఇరవై ఏడు చేతులు వచ్చాయి. డబ్బా ఖాళీ. నాలుగు నిమిషాలు పట్టింది. సేఫ్టీ సారు, ఒక ఆపరేటరు వీపుకు గాలి సిలిండర్లు కట్టుకుంటున్నారు. అలాంటివి మాకు రెండే ఉండేవి.

"లెక్క సరి సార్. లోపల ఎవరూ లేరు" అని అరిచాను.

"అయితే లోపలి గదులకు వెళ్ళే పని లేదు. వెనక వైపు నుంచి వాల్వు కట్టేసి వచ్చేద్దాం" అన్నాడు సారు ఆపరేటరుతో.

అప్పుడు గొర్ల మామ నా పక్కకు వచ్చాడు. నా డబ్బా వైపు చూడలేదు. గుంపును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు, మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొస దాకా.

"ఎనుక నడిచేటోడు ఏడి?"

"లెక్క సరిపోయింది మామా. ఇరవై ఏడు పిల్సిన."

"నీ లెక్క అట్లుండని. ఎనుక నడిచేటోడు ఏడి?"

"ఆయన బిళ్ళ బయటుంది. బస్సు కాడ ఉంటడు."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే దాని అర్థం నాకు తెలిసింది. ఆ బిళ్ళ ఎలా బయటికి వచ్చిందో నాకు తెలుసు. సైరన్‌కు మూడు నిమిషాల ముందు, నా కళ్ళెదుట, వేరే మనిషి చేతుల్లో వచ్చింది. అలా వచ్చినవి తొమ్మిది. వాళ్ళలో ఒక్కరినీ నేను పిలవలేదు.

తువ్వాలల మనిషి బస్సు వైపు నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. "మావోళ్ళు ఏడుగురు ఈడనే కనవడుతున్నరు. అన్న ఆడ లేడు, ఈడ లేడు" అంటున్నాడు.

"సార్, ఒకాయన లోపలున్నడు. పిండే యంత్రం కాడ" అని నేను గట్టిగా అరిచాను. సారు ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆపరేటరు భుజం తట్టి, వెనక్కి పోకుండా, ముందు తలుపు నుంచే ఇద్దరూ లోపలికి పోయారు.

వాళ్ళ వెనకే తువ్వాలల మనిషి కూడా తల మీది తుండు విప్పి ముక్కుకు కట్టుకుంటూ ఉరికాడు. నేను అతనికి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు! మా ఊరోడు ఆడు!"

"ఒక్కడున్నడు లోపల. నువ్వు పోతే ఇద్దరైతరు. ఎత్తుకొచ్చేటోళ్ళు ఇద్దరే ఉన్నరు. నిన్నెవరు మోస్తరు?"

అతను నన్ను ఛాతీ మీద గుద్దాడు. గొర్ల మామ వచ్చి వెనక నుంచి అతని నడుము పట్టుకున్నాడు. అతను ఏడుస్తున్నాడు. "బిళ్ళ నేనే మార్చిన, నేనే మార్చిన" అంటున్నాడు.

సైరన్ మోగిన పదకొండో నిమిషానికి తెచ్చారు. గుడ్డ సంచి ఆరేసే దండెం కింద బోర్లా పడి ఉన్నాడట. నేల దగ్గర పొగ పలచగా ఉండడం వల్ల ఊపిరి మిగిలింది. అక్కడే ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో మహబూబ్‌నగర్, అక్కడి నుంచి హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయారు. బతికాడు. ఊపిరితిత్తులు కాలాయని, మూడు నెలలు పని చేయరాదని డాక్టర్లు చెప్పారు.

రెండు వారాల తర్వాత ఆయన భార్య గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో దవాఖాన కాగితాల సంచి.

"లెక్కలన్న మీరేనా?"

"నేనేనమ్మా."

"మా ఆయన బిళ్ళ సరిగ్గ పెట్టకనే లోపల చిక్కిండని రాస్తున్నరంట. గట్ల రాస్తే పనిల నుంచి తీస్తరంట. నిజంగ ఆయనదే తప్పా అన్నా? నాకు చెప్పుండ్రి, నేనేం అనుకోను."

రాయాల్సిన వాళ్ళలో నేనొకణ్ణి. మరుసటి వారం ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వస్తున్నాడని, నా వాంగ్మూలం సిద్ధం చేసుకోమని మేనేజరు అప్పటికే చెప్పాడు. ఏం రాయాలో కూడా చెప్పాడు. కార్మికుడు బిళ్ళ నియమం పాటించలేదు. అంతే. అది అబద్ధం కాదు. నియమం ఆయన పాటించలేదు. కానీ ఆ వాక్యం ఒక్కటే రాస్తే ఆయన మళ్ళీ ఆ గేటు లోపలికి రాడు.

ఆమె పోయాక నాకు ఒక అనుమానం వచ్చింది. ఆయన నియమం పాటించదలచుకుంటే ఆ బస్సు అందేదా? అది నేనెప్పుడూ లెక్క కట్టలేదు. ఉన్న పని మానేసి మూడు రోజులు రెండింటికి చేతులు కడుక్కునే నల్లాల దగ్గర వాచీ పెట్టుకుని నిలబడ్డాను. నల్లాలు నాలుగు. ఎర్ర డ్రమ్ము మరక పోవాలంటే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి. మనిషికి మూడు నిమిషాలు. బోర్డు దగ్గర పావు నిమిషం. బ్లాకు నుంచి బస్సు దాకా నాలుగు నిమిషాల నడక. బస్సు రెండుంబావుకు కదలాలంటే మనిషి రెండూ పదకొండుకు బోర్డు దాటాలి. రెండింటి నుంచి పదకొండు నిమిషాల్లో మూడు విడతలు కడుక్కోగలరు. నాలుగు మూళ్ళు పన్నెండు. బస్సు ఎక్కాల్సినవాళ్ళు ముప్పై ఒక్కరు. మిగతా పంతొమ్మిది మంది పని ముందే వదిలిపెట్టాలి, లేదా కడుక్కోకుండా పోవాలి, లేదా వాళ్ళ బిళ్ళ ఇంకెవరో మార్చాలి. ఎంత మంచివాళ్ళైనా పంతొమ్మిది మందికి నియమం తప్పక తప్పదు.

రెండు పేజీలు రాశాను. మొదటి పేజీలో ఈ లెక్క. రెండో పేజీలో, తొమ్మిది బిళ్ళలు ఒకే చేతితో మారడం నేను రోజూ చూశానని, ఆపలేదని, పై వాళ్ళకు చెప్పలేదని, సైరన్ రోజు లోపల ఎవరూ లేరని అరిచింది నేనేనని.

మేనేజరు చదివి కాగితాలు బల్ల మీద పడేశాడు.

"నిన్ను పెట్టింది బిళ్ళలు చూడటానికి. నల్లాలు లెక్కపెట్టడానికి కాదు."

"బిళ్ళలు సరిగ్గ చూస్తే నల్లాల కాడికే పోతున్నది సార్ లెక్క."

"ఇది ఇస్తే ముందు నీ మెడకే చుట్టుకుంటుంది, తెలుసా?"

"తెలుసు సార్. రెండో పేజీ గందుకే రాసిన."

అధికారి వచ్చిన రోజు ఆ రెండు పేజీలు ఆయన చేతికే ఇచ్చాను. నిదానంగా చదివాడు. బోర్డు దగ్గరికి వచ్చాడు, నల్లాల దగ్గరికి పోయాడు, బస్సు దాకా వాచీ చూసుకుంటూ నడిచాడు. ఆయనకు నాలుగున్నర నిమిషాలు పట్టింది. తర్వాత నన్ను అడిగాడు.

"ఈ బిళ్ళలు మారుతుంటే నువ్వెక్కడ ఉన్నవ్?"

"బోర్డు ముందటనే సార్."

"ఎన్ని రోజుల నుంచి?"

"ఇరవై ఎనిమిది నెలలు. నెలకు ఇరవై ఐదు దినాల చొప్పున ఏడు వందల సార్లు."

ఆయన కాగితాలు మడిచాడు. తర్వాత అన్నాడు: "డ్రమ్ముల్లో ఏముందో తెలుసుకోవటం మీ హక్కు. ప్రమాదం కనిపిస్తే చెప్పటం మీ బాధ్యత. నువ్వు చూసింది ప్రమాదమే. ఏడు వందల సార్లలో ఒక్కసారి చెప్పినా సరిపోయేది."

నన్ను పది రోజులు పనికి రావద్దన్నారు. తువ్వాలల మనిషికి హెచ్చరిక కాగితం ఇచ్చారు. ప్రమాదం కాగితాల్లో కార్మికుడి నిర్లక్ష్యం అన్న మాట రాలేదు. బస్సుల టైమును రెండూ ముప్పై ఐదుకు మార్చారు. నా లెక్క ప్రకారం చివరి మనిషి రెండూ ముప్పై ఒకటికి చేరతాడు. నాలుగు నిమిషాలు మిగులు. ఇంకో నాలుగు నల్లాలు పెడితే బస్సు పది నిమిషాలు ముందే పోవచ్చని చెప్పాను, అవి రావడానికి ఏడాది పట్టింది. డ్రమ్ముల మీద తెలుగులో రాసిన కాగితాలు అంటించారు. గొర్ల మామ చదవలేడు కాబట్టి నేను చదివి వినిపించాను. "ఇన్ని దినాలు దీన్ని ఒట్టి చేతులతోని ముట్టినమా" అని ఒక్క మాటే అన్నాడు.

సైరన్ మోగితే ఇప్పుడు లోపలి బిళ్ళలతో ఆగను. బయటివీ పిలుస్తాను. పిలిచేటప్పుడు రిజిస్టరులోకి కాకుండా ముఖంలోకి చూస్తాను. దానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

మూడు నెలలు దాటాక ఆయన తిరిగి వచ్చాడు. పొగ తగలని చోట, డబ్బాలకు చీటీలు అంటించే పని ఇచ్చారు. ఆ మొదటి రోజు రెండింటికి అందరూ దిగారు. సైరన్ రోజు నాటి తువ్వాలల మనిషే తన బిళ్ళ ఒక్కటే మార్చుకుని, లోపలికి తొంగి చూసి, "అన్నా, నీ సీటు పట్టి పెడ్త. కిడికీ పక్కది. నిమ్మలంగ రా" అని కేకేసి పోయాడు. తువ్వాలలు ఇప్పటికీ వేస్తారు. దానికి నాకేమీ అభ్యంతరం లేదు.

రెండూ ఇరవై ఎనిమిదికి బోర్డు మీద లోపల వైపు పొద్దుటి షిఫ్టుది ఒక్క బిళ్ళ మిగిలింది. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. గొర్ల మామ బస్సు ఎక్కకుండా నా బల్ల పక్కనే నిలబడ్డాడు. బోర్డు వైపు చూడటం లేదు, తలుపు వైపు చూస్తున్నాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ బిళ్ళ ముట్టుకోవాలని నాకు చాలా అనిపించింది.

ఆయన వచ్చాడు. నాలుగడుగులకు ఒకసారి ఆగి దగ్గుతున్నాడు. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. మేకు నుంచి బిళ్ళ తీయబోతే జారి కింద పడింది. వంగి తీసుకున్నాడు. బయట వైపు తన నంబరు ఎక్కడుందో వెతుక్కుని తగిలించాడు. అది సరిగ్గా కూర్చుందో లేదో వేలితో ఒకసారి నొక్కి చూశాడు.

"వచ్చిండు. ఇగ పోదాం పా" అన్నాడు మామ.

ఇద్దరూ బస్సు వైపు నడిచారు. ఎప్పటిలాగే అందరి వెనక ఆయన, ఈసారి ఆయన కంటే వెనక మామ. నేను రిజిస్టరులో ముప్పై ఆరు వేసి, గీత కొట్టాను.